తప్పిపోయిన కుక్క - దాని గుర్తింపు

మహాప్రస్థానంలో ధర్మరాజు వెంట చివరివరకు నడచినది ఒక కుక్క. అది నిజానికి ఎవరో స్వర్గద్వారం దగ్గరకు పోయేవరకు ధర్మరాజుకే తెలియలేదని భారతకథ. పురాణకాలపు చిక్కును అటుంచినా, దారిలో కనిపించిన కుక్క ఎవరిదో తెలిసికొనడం ఈనాటికీ తేలికైన పని కాదు. కుక్కకు తన యజమాని తెలుసు. వాసన చూచి, కంఠస్వరం విని వందమందిలో పోల్చుకొంటుంది. యజమానికీ తన కుక్క తెలుసు. కాని వీరిద్దరికీ నడుమ మూడవ మనిషి ఒకడున్నాడు. ఏ వీధి చివరనో బెదరి నిలుచున్న కుక్కను చూచి, జాలిపడి, ఇంత అన్నం పెట్టి పట్టి ఉంచినవాడు. అతనికి ఏమీ తెలియదు, కుక్క చెప్పలేదు. తప్పిపోయిన కుక్క సమస్య చాలవరకు ఈ మూడవ మనిషి సమస్యే.

మన ప్రాంతాలలో పెంపుడు కుక్కలు ఇల్లు విడిచి పారిపోయే సందర్భాలలో దీపావళి ఒకటి. మానవుని చెవి సుమారు 20,000 హెర్ట్జ్‌ల పౌనఃపున్యం వరకే వినగలదు. కుక్క చెవి 40,000 హెర్ట్జ్‌లకు పైబడిన ధ్వనులను కూడ గ్రహిస్తుంది. మనకు వినబడే ధ్వనులలోనైనా, కీచుమని వచ్చే హెచ్చు పౌనఃపున్యం గలవి మనకు అందనంత మెల్లగా ఉన్నప్పుడే దానికి వినిపిస్తాయి. అటువంటి చెవి ప్రక్కన లక్ష్మీబాంబు ప్రేలితే ఏమగునో ఊహించుకొనవచ్చును. బెదరిన కుక్క దారి చూచుకొని పరుగెత్తదు. ధ్వని వచ్చిన దిక్కుకు ఎదురుదిక్కుగా పోతుంది. అక్కడ మరొకటి ప్రేలితే మళ్లీ తిరుగుతుంది. పది నిమిషాలలో అది ఎన్నడూ చూడని వీధిలో ఉంటుంది.

ఇక్కడ చిన్న లెక్క ఒకటి వేసి చూడవలెను. కుక్క ఇంటినుండి 1 కిలోమీటరు దూరం లోపల ఎక్కడైనా ఉండవచ్చుననుకొందాము. వెదకవలసిన వైశాల్యం 1 కిలోమీటరు వ్యాసార్ధం గల వృత్తం, అనగా సుమారు 3 చదరపు కిలోమీటర్లు. అది 3 కిలోమీటర్లు పోయి ఉంటే వైశాల్యం మూడు రెట్లు కాదు, తొమ్మిది రెట్లగును. సుమారు 28 చదరపు కిలోమీటర్లు. దూరం పెరిగినకొద్దీ వెదకులాట దూరపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. కనుక మొదటి గంటలలో నలుగురు మనుషులు చేయగల పనిని మూడవనాడు నలభైమంది కూడ చేయలేకపోవచ్చును. “ఆకలైతే అదే వస్తుందిలే” అని ఊరకుండడం ఈ లెక్కను తెలియనివారి మాట.

అమెరికాలో ఒక జంతు సంక్షేమ సంస్థ జరిపించి 2012లో ప్రకటించిన సర్వే ఫలితాలు ఇందుకు సరిపోతున్నవి. పోయి దొరికిన కుక్కలలో దాదాపు సగం, 49 శాతం, ఇరుగుపొరుగు వీధులను గాలించడంవలననే దొరికినవి. మెడబిళ్ళవలన గాని, చర్మం క్రింద అమర్చిన చిప్పువలన గాని ఇల్లు చేరినవి 15 శాతం. ఈ రెండవ అంకెను చూచి గుర్తింపువలన లాభం తక్కువేనని తీర్మానించడం సరికాదు. గుర్తింపు లేని కుక్క ఆ మార్గాన దొరకడానికి అవకాశమే లేదు గదా! అంతేకాక వీధులు గాలించడానికి యజమాని దగ్గరలో ఉండవలెను. రైల్వేస్టేషనులోనో, ప్రయాణంలోనో, వరదలోనో తప్పిపోయిన కుక్కకు ఆ మార్గం మూసుకొనిపోతుంది.

కుక్క తనంతట తాను తిరిగి రాగలదా? కొన్ని వస్తాయి. దాని ముక్కులో వాసనను గ్రహించే కణాలు మన ముక్కులో ఉన్నవాటికంటె పదుల రెట్లు ఎక్కువ. వచ్చిన దారిలో తాను వదలిన వాసననే పట్టుకొని వెనుకకు నడుస్తుంది. 1923 ఆగస్టులో అమెరికాలోని ఇండియానా రాష్ట్రంలో తప్పిపోయిన బాబీ అనే కుక్క, ఆరు నెలల తరువాత 1924 ఫిబ్రవరిలో ఒరెగాన్ రాష్ట్రంలోని సిల్వర్టన్ అనే తన ఊరు చేరినది. ఆ దూరం సుమారు 4,100 కిలోమీటర్లు. దాని కథ పత్రికలలో వచ్చిన తరువాత, దారిలో దానికి తిండిపెట్టినవారు, గాయాలు కడిగినవారు అనేకులు ఉత్తరాలు వ్రాసినారు. అంత దూరం వాసన ఒక్కటే దారి చూపినదని చెప్పలేము. దాని యజమానులు ప్రయాణం చేసినది కారులో.

2020లో చెక్ దేశపు పరిశోధకులు ఈ విషయమై ఒక ఆసక్తికరమైన పరిశీలనను ప్రకటించినారు. 27 వేటకుక్కలకు ఉపగ్రహ సంకేతాలను గ్రహించే మెడపట్టీలు కట్టి అడవులలో విడిచినారు. తిరిగివచ్చేటప్పుడు కొన్ని కుక్కలు తాము పోయిన దారినే వచ్చినవి. కొన్ని కొత్త దారిన అడ్డంగా పడి వచ్చినవి. ఈ రెండవ రకం కుక్కలు తిరుగుముఖం పట్టే ముందు, ఇల్లు ఏ దిక్కున ఉన్నా సరే, ఉత్తర-దక్షిణ రేఖ వెంబడి సుమారు 20 మీటర్లు పరుగెత్తడం కనిపించినది. అటువంటి పరుగు తీసినవి తక్కినవాటికంటె చక్కగా గమ్యం చేరినవి. భూమి అయస్కాంత క్షేత్రంతో తన మనస్సులోని పటాన్ని సరిచూచుకొనే ప్రయత్నం కావచ్చునని పరిశోధకుల అభిప్రాయం. ఆ క్షేత్రాన్ని కుక్క ఏ అవయవంతో గ్రహిస్తున్నదో ఇంకా తేలవలసి ఉన్నది. అయితే అవి అడవిలో తిరగడానికి శిక్షణ పొందిన వేటకుక్కలు. మేడమీద పెరిగి, గొలుసుతో తప్ప వీధి చూడని కుక్క విషయంలో ఈ శక్తిని నమ్ముకొనడం వివేకం కాదు.

కాబట్టి మూడవ మనిషికి తెలియజెప్పే ఏర్పాటు కావలెను. పూర్వంనుండి ఉన్నది మెడపట్టీకి కట్టిన లోహపు బిళ్ళ. దానిని చదవడానికి ఏ యంత్రమూ అక్కరలేదు. అక్షరాలు వచ్చిన ఎవరైనా చదివి కబురు పంపవచ్చును. ఇంత చౌకైనది, ఇంత త్వరగా పనిచేసేది మరొకటి లేదని నా అభిప్రాయం. చిప్పు వచ్చినది గదా అని బిళ్ళను తీసివేయడం పొరపాటు. కాని బిళ్ళ పట్టీతో ఉన్నది. పట్టీ కొమ్మకు తగులుకొని తెగిపోతుంది, దొంగ అయితే మొదట పట్టీనే విప్పుతాడు.

ఊడిపోని గుర్తు శరీరంలోనే ఉండవలెను. మన వ్రేలిముద్రల వంటివి కుక్క ముక్కుమీద ఉన్నవి. ముక్కు కొన వెంట్రుకలు లేని నల్లని చర్మం. దానిమీద చిన్న చిన్న గడులు, వాటిని విడదీసే గీతలు కనిపిస్తాయి. ఈ అమరిక ఏ రెండు కుక్కలకూ ఒక్కటిగా ఉండదు. కెనడాలోని కుక్కల సంఘం 1938నుండి ముక్కుముద్రను గుర్తింపుగా అంగీకరిస్తున్నది. కాని ముద్రను పోల్చిచూడడానికి వెనుకటి ముద్ర చేతిలో ఉండవలెను. “ఇది నా కుక్కే” అని వచ్చినవాని మాట నిజమో కాదో అది తేలుస్తుంది, ఎవరినీ అడగకుండా “ఇది ఎవరి కుక్క?” అన్న ప్రశ్నకు జవాబు చెప్పడం దానికి కష్టం. చెవి లోపలిభాగాన పచ్చబొట్టుతో సంఖ్య వేయడం కొన్ని దేశాలలో ఉన్నది. కాలక్రమాన అది వెలిసిపోతుంది.

ఇక చిప్పు సంగతి. విద్యార్థులకు ఇందులో నేర్చుకొనదగిన భౌతికశాస్త్రం చాల ఉన్నది కనుక కొంత వివరంగా చెప్పుకొందాము.

చిప్పు అనేది బియ్యపుగింజకంటె కొంచెం పెద్దదైన గాజు గొట్టం. సుమారు 12 మిల్లీమీటర్ల పొడవు, 2 మిల్లీమీటర్ల లావు. ఆ గాజు శరీరంతో చర్య జరపని రకానిది. పశువైద్యుడు లావుపాటి సూదితో దీనిని కుక్క భుజాల నడుమ వదులుగా ఉండే చర్మం క్రింద ఉంచుతాడు. మత్తు ఇవ్వవలసిన పని సాధారణంగా ఉండదు. గొట్టం లోపల ఉన్నవి మూడే: ఫెర్రైట్ అనే అయస్కాంత పదార్థపు కడ్డీమీద చుట్టిన సన్నని రాగి తీగచుట్ట, ఒక కెపాసిటరు, సంఖ్యను దాచుకొన్న సిలికాను పలుకు. బ్యాటరీ లేదు. కుక్క బ్రతికినంతకాలం పనిచేయడానికి కారణం అదే. అయిపోయేది అందులో ఏమీ లేదు.

బ్యాటరీ లేనిది మాట్లాడడం ఎట్లు? ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో దీనికి జవాబు ఉన్నది. తీగచుట్టను గాల్వనోమీటరుకు కలిపి, దండాయస్కాంతాన్ని చుట్టలోనికి త్రోయండి. సూచి కదులుతుంది. అయస్కాంతాన్ని అక్కడే ఆపండి. సూచి సున్నకు వస్తుంది. వెలికి లాగండి. సూచి ఎదురువైపు కదులుతుంది. విద్యుత్తును పుట్టించేది అయస్కాంతం కాదు, అయస్కాంత క్షేత్రంలో వచ్చే మార్పు. 1831లో ఫారడే కనిపెట్టిన విషయం ఇదే. చిప్పును చదివే యంత్రాన్ని రీడరు అంటారు. దానిలోని తీగచుట్టలో విద్యుత్ప్రవాహం సెకండుకు 1,34,200 సార్లు ఊగిసలాడుతుంది. అనగా పౌనఃపున్యం 134.2 కిలోహెర్ట్జ్‌లు. దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం అంత వేగంగానూ మారుతూ ఉంటుంది. రీడరును కుక్క మెడ దగ్గరకు తెచ్చినప్పుడు ఆ మారే క్షేత్రం గాజుగొట్టంలోని చుట్టలో విద్యుత్తును ప్రేరేపిస్తుంది. సిలికాను పలుకు మేల్కొనడానికి అది చాలును.

తీగచుట్టకు ప్రక్కన కెపాసిటరు ఎందుకు? ఉయ్యాలను గుర్తుకు తెచ్చుకొనండి. ఊగే లయకు సరిపోయేటట్లు త్రోస్తూపోతే చిన్నపిల్లవాడి బలం కూడ పెద్దమనిషిని ఎత్తుగా ఊపగలదు. లయ తప్పితే ఎంత బలమూ వృథా. తీగచుట్ట, కెపాసిటరు కలిసిన వలయానికి ఇటువంటి సొంత లయ ఒకటి ఉన్నది. దానిని 134.2 కిలోహెర్ట్జ్‌లకు సరిపోయేటట్లు చేసినందువలన బలహీనమైన క్షేత్రంనుండి కూడ చెప్పుకొనదగిన వోల్టేజి లభిస్తుంది. దీనినే అనునాదం అంటారు.

మేల్కొన్న పలుకు తన సంఖ్యను ఎట్లు చెబుతుంది? రేడియో స్టేషనువలె తాను తరంగాలను ప్రసారం చేయదు. తన చుట్టమీది విద్యుత్ భారాన్ని ఒకసారి పెంచుతుంది, ఒకసారి తగ్గిస్తుంది, అంతే. బావిలోనికి చేద వదలి చేంతాడు పట్టుకొన్నవానికి, చేద నీటిలో మునిగినదీ లేనిదీ తొంగిచూడకుండానే చేతికి తెలుస్తుంది. అదే విధంగా చిప్పులో భారం మారినప్పుడెల్లా రీడరు చుట్టలో స్వల్పమైన తేడా కనిపిస్తుంది. ఆ తేడాల వరుసను రీడరు ఒకట్లుగా, సున్నలుగా చదువుకొంటుంది. ఒక సందేశంలో 128 బిట్లు. సెకండుకు సుమారు 4,200 బిట్ల చొప్పున అది పూర్తి కావడానికి సెకండులో దాదాపు 30వ వంతు చాలును. సందేశంలో కొన్ని బిట్లు తప్పులు పట్టుకొనడానికే ఉన్నవి. కుక్క కదలి ఒక అంకె చెడితే రీడరు ఆ సందేశాన్ని వదలివేసి మరొకసారి వింటుంది. తప్పు సంఖ్యను చూపించడం మాత్రం చాల అరుదు.

తెరమీద కనిపించే సంఖ్యలో 15 అంకెలు ఉంటాయి. మొదటి మూడు దేశాన్ని గాని, తయారుచేసిన కంపెనీని గాని తెలుపుతాయి. 900కు పైబడినవి కంపెనీలవి. భారతదేశపు సంఖ్య 356. తరువాతి పన్నెండు ఆ జంతువుకు ప్రత్యేకమైనవి. వీటికి 38 బిట్లు కేటాయించినారు. 38 బిట్లతో వ్రాయగల సంఖ్యలు రెండును 38 సార్లు హెచ్చించినన్ని, అనగా 27,487 కోట్లకు పైగా. ఒక దేశంలోని కుక్కలన్నిటికీ కొన్ని తరాలు పంచినా తరగవు. ఈ నియమాలను అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1996లో ప్రకటించినది. అంతకు ముందు ఒక్కొక్క కంపెనీ ఒక్కొక్క పౌనఃపున్యాన్ని వాడుకొనేది. అమెరికాలో 125, 128 కిలోహెర్ట్జ్‌ల చిప్పులు కూడ వ్యాపించి, ఒకరి చిప్పును మరొకరి రీడరు చదవలేని దుస్థితి చాలకాలం ఉండినది. చిప్పు ఉన్న కుక్క లేనట్లే లెక్క అయ్యేది. లయ కుదరకపోతే ఉయ్యాల కదలదు గదా.

చిప్పు ఉన్నది గనుక కుక్క ఎక్కడ ఉన్నదీ ఫోనులో చూడవచ్చుననే భ్రమ విద్యావంతులలో కూడ ఉన్నది. అది సాధ్యం కాదు. కారణం కూడ పై భౌతికశాస్త్రంలోనే ఉన్నది. చుట్టనుండి కొంత దూరం పోయిన తరువాత అయస్కాంత క్షేత్రం దూరపు ఘనాన్ని అనుసరించి తగ్గుతుంది. దూరం రెట్టింపయితే ఎనిమిదవ వంతు. చిప్పు ఇచ్చే జవాబు తిరిగివచ్చేటప్పుడు మళ్లీ ఎనిమిదవ వంతు. మొత్తంమీద 64వ వంతు. అందుచేత రీడరు కొన్ని సెంటిమీటర్ల దూరంలోనే వినగలదు. స్థలాన్ని తెలిపేది జి.పి.ఎస్. మెడపట్టీ. అది ఉపగ్రహాల సంకేతాలను విని తన స్థానాన్ని లెక్కకట్టి, టెలిఫోను సంస్థ టవరు ద్వారా యజమానికి పంపుతుంది. దానికి బ్యాటరీ కావలెను, తరచు చార్జి చేయవలెను, పైగా అదీ పట్టీయే.

చిప్పులో ఉన్నది సంఖ్య మాత్రమే. యజమాని పేరు లేదు, ఊరు లేదు, ఫోను నెంబరు లేదు. అవి ఉన్నది రిజిస్టరులో. ఈ సంగతి ఎంత ముఖ్యమో 2009లో ప్రకటితమైన ఒక అమెరికన్ పరిశోధన చూపినది. ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయపు పరిశోధకులు 53 జంతు ఆశ్రయాలకు వచ్చిన 7,704 చిప్పు గల జంతువుల చరిత్రను పరిశీలించినారు. దారితప్పి వచ్చిన కుక్కల మొత్తంలో యజమానులకు తిరిగి చేరినవి 21.9 శాతం కాగా, చిప్పు ఉన్నవాటిలో 52.2 శాతం చేరినవి. పిల్లుల విషయంలో భేదం ఇంకా ఆశ్చర్యకరం: 1.8 శాతం ఎక్కడ, 38.5 శాతం ఎక్కడ! కాని చిప్పు ఉండి కూడ మిగిలిపోయిన సగం కుక్కల మాట ఏమిటి? యజమాని దొరకని సందర్భాలకు కారణాలు వెదకితే, 35.4 శాతం ఫోను నెంబరు తప్పయినవి లేదా పనిచేయనివి, 9.8 శాతం చిప్పు సంఖ్యలు ఏ రిజిస్టరులోనూ నమోదు కానివి. చెడినది చిప్పు కాదు, కాగితం. ఇల్లు మారినవారు పాలవానికి, పత్రికవానికి చెబుతారు. కుక్క రిజిస్టరు గుర్తుకు రాదు.

ఈ సంఖ్యల పద్ధతి మన గ్రామాలకు కొత్తది కాదు. ఆవుల, గేదెల చెవులకు వ్రేలాడే పసుపుపచ్చని బిళ్ళను విద్యార్థులు చూచే ఉంటారు. దానిమీది 12 అంకెలను పశు ఆధార్ అంటున్నారు. టీకాలు, ఈతలు, యజమాని వివరాలు ఆ సంఖ్య పేర నమోదవుతాయి. సూత్రం ఒక్కటే, బిళ్ళను కంటితో చదవవచ్చును, చిప్పుకు రీడరు కావలెను. హైదరాబాదు వంటి నగరాలలో పెంపుడు కుక్కలకు నగరపాలక సంస్థ లైసెన్సు పొందవలసి ఉన్నది. వీధికుక్కలకు శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడిచేటప్పుడు చెవి అంచున చిన్న కోత పెడతారు. మళ్లీ పట్టవలసిన పని లేదని దూరంనుండే తెలియడానికి ఆ గుర్తు. ఇంగ్లండులో 2016 ఏప్రిల్ 6నుండి పెంపుడు కుక్కలకు చిప్పు తప్పనిసరి చేసినారు.

ఇదంతా కుక్కపై మమకారం ఉన్నవారికే సంబంధించిన విషయమని భావించరాదు. దారితప్పిన కుక్క బెదరి ఉంటుంది, పట్టబోయినవారిని కరవవచ్చును. కరచిన కుక్క 10 రోజులు ఆరోగ్యంగా ఉంటే, కరచిననాడు దాని లాలాజలంలో రేబిస్ వైరస్ లేదని చెప్పవచ్చును. ఈ పరిశీలన జరగాలంటే కుక్క ఎవరిదో, ఎక్కడ ఉన్నదో తెలియవలెను. గుర్తు లేని కుక్క సందులో దూరి మాయమైతే కరువబడినవానికి ఆ ఆధారం ఉండదు. టీకాల క్రమమంతా పూర్తిచేయవలసినదే. కుక్క గుర్తు తెలిసినా, తెలియకపోయినా, గాయాన్ని వెంటనే సబ్బుతో, ధారగా పడే నీటితో 15 నిమిషాలు కడిగి వైద్యుని దగ్గరకు పోవడం మాత్రం ఆలస్యం చేయరాదు. లక్షణాలు కనిపించిన తరువాత రేబిస్ దాదాపు ఎల్లప్పుడూ ప్రాణాంతకమే.

టీకాకు, గుర్తింపుకు గల సంబంధాన్ని ఐరోపా సంఘపు దేశాలు చక్కగా పట్టుకొన్నవి. అక్కడికి తీసికొనిపోయే కుక్కకు ముందు చిప్పు, ఆ తరువాతనే రేబిస్ టీకా. క్రమం తారుమారైతే ఆ టీకా లెక్కలోనికి రాదు. ఏ కుక్కకు వేసినారో నిరూపించలేని టీకా పత్రానికి విలువ లేదని దీని భావం. విదేశాలలో ఉన్న పిల్లల దగ్గరకు కుక్కతో సహా పోదలచిన మనవారు ఈ నియమం తెలియక నెలల తరబడి ఆగవలసి రావచ్చును.

ఒక చిన్న విషయం మిగిలినది. భుజాల నడుమ పెట్టిన చిప్పు కాలక్రమాన చర్మం క్రింద జరిగి మెడ ప్రక్కకో, ముందుకాలి పైభాగానికో చేరవచ్చును. పైగా చిప్పులోని చుట్ట అక్షం రీడరు క్షేత్రానికి అడ్డంగా ఉంటే చుట్టలో ప్రేరణ దాదాపు శూన్యం. అందుచేత దారితప్పిన కుక్కను పశువైద్యశాలకు తీసికొనిపోయినప్పుడు రీడరును భుజాలమీద ఒకసారి చూపి “చిప్పు లేదు” అనుకొనరాదు. మెడనుండి తోకవరకు, రెండు ప్రక్కలను, ముందుకాళ్లను మోకాళ్లవరకు మెల్లగా తడవవలెను. సంఖ్య కనిపించకపోతే రీడరును 90 డిగ్రీలు త్రిప్పి మరొకసారి అంతా చూడవలెను.